పాపాయి తల కొలిచారా?

జాకెట్లు కుట్టే టేపుతో నేను పసిపిల్లల తలలు కూడా కొలుస్తానంటే మా సూరారంలో మొదట్లో అందరూ నవ్వారు. రెండేళ్ళ కిందట పక్కింటి కోడలు నాలుగు నెలల బాబుని ఎత్తుకొచ్చి, "అక్కా, వీనికి ఏ టోపీ పడ్తలేదు" అంది. వాళ్ళ అత్తమ్మేమో "పెద్ద తలకాయ, పెద్ద తెలివి" అని మురిసిపోతోంది. మాడు మీద చెయ్యి పెట్టి చూశాను. మెత్తగా ఉండాల్సింది, కూర్చోబెట్టినా బిగుసుకుని ఉబ్బే ఉంది. టేపు పెడితే 46 సెంటీమీటర్లు! ఆ వయసుకి 41, 42 ఉంటే చాలు. స్కానింగులో తలలో నీరు చేరిందని తేలింది.

తలలో నీరు అనగానే భయపడతాం గానీ, అది మనందరి తలల్లోనూ ఉంటుంది. ఇంటర్‌లో మస్తిష్క మేరుద్రవం అని బట్టీపట్టాం చూడండి, అదే. మెదడు లోపల నాలుగు గదులున్నాయి, వాటినే కోష్ఠకాలంటారు. వాటిలో కోరాయిడ్ ప్లెక్సస్ అనే కుచ్చులాంటి భాగం రక్తంలోంచి ఈ నీటిని తయారుచేస్తుంది. పెద్దవాళ్ళలో ఎప్పుడు చూసినా ఉండేది 150 మిల్లీలీటర్లే, ఒక టీ కప్పు. కానీ రోజుకి తయారయ్యేది అరలీటరు పాలప్యాకెట్టంత! అంటే పాతది పోయి కొత్తది రోజుకి మూడుసార్లకు పైగా నిండుతుందన్నమాట.

దీనివల్ల లాభం? బావి నీళ్ళలో ఉన్నంతసేపు నిండు బిందె తేలిగ్గా వస్తుంది, పైకి తేలగానే చేతులు లాగుతాయి. 1400 గ్రాముల మెదడు కూడా ఈ నీటిలో తేలుతూ 50 గ్రాములంత తేలికైపోతుంది.

చెరో పక్కనున్న రెండు పెద్ద గదుల్లోంచి నీరు మధ్యనున్న మూడో గదికి, అక్కణ్ణించి సన్నటి సందులోంచి నాలుగో గదికి వస్తుంది. తర్వాత బయటపడి మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగి రక్తంలో కలిసిపోతుంది. ఎక్కువగా మూసుకుపోయేది ఆ సన్నటి సందే. దారి మూసుకుందని తయారీ ఆగదుగా! తొట్టి పొంగినా ఆగని మోటారులాంటిది. పసివాళ్ళ పుర్రె ఎముకలు అతుక్కోలేదు కాబట్టి తల పెరుగుతుంది. పెద్దవాళ్ళకైతే తలనొప్పి, వాంతులు.

దీనికి మందు ఒక తండ్రి కష్టంలోంచి వచ్చింది. అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్, ఈ జబ్బుతో పుట్టిన కొడుకు కేసీ కోసం 1956లో నీరు ఒకవైపే పోయే సిలికాన్ కవాటం చేశాడు. ఇప్పుడు అలాంటి కవాటమున్న గొట్టాన్ని చెవి వెనకనుంచి చర్మం కిందుగా పొట్టలోకి వేస్తారు. బిడ్డ ఎదుగుతాడని పొట్టలో కాస్త పొడుగు వదులుతారు. మా పక్కింటి బాబుకీ అదే వేశారు.

మీరూ కనుబొమల పైనుంచి, వెనక ఎత్తుగా ఉన్నచోటు మీదుగా టేపు చుట్టి కొలిచి, క్యాలెండరు మీద రాయండి. పుట్టినప్పుడు 34, 35 ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకి 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలలు ఒకటి, ఆపైన ఏడాది నిండేదాకా అర చొప్పున పెరుగుతుంది. ఒక్క కొలతతో కంగారొద్దు, తండ్రిది పెద్ద తలైతే బిడ్డదీ అలాగే ఉండొచ్చు. నెలనెలా గీత దాటిపోతుంటే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి. మాడు ఉబ్బినా, కళ్ళు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనబడుతున్నా నెల తిరిగేదాకా ఆగొద్దు.

గొట్టం వేశాక కూడా ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. వాంతులు, మగత, జ్వరం వస్తే అజీర్తి అనుకుని వాము నీళ్ళు పట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ అత్తమ్మ ఈ మాట ఇప్పుడు నాకే అప్పజెబుతోంది.