భీమిలి రాళ్లు మనతో మాట్లాడుతాయి

వేసవి సెలవులలో మన పల్లెల నుండి అనేక కుటుంబాలు విశాఖపట్నం చూడడానికి వెళుతుంటాయి. బీచి, ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి మీది తోట, 1977లో తెరచిన జంతు ప్రదర్శనశాల చూచి సాయంకాలానికి తిరుగు బస్సు ఎక్కుతారు. అవన్నీ చూడదగినవే. అయితే ఈసారి వెళ్లేవారు మరొక రోజు ఉంచుకొని, సముద్రం వెంట ఉత్తరాన ఉన్న భీమునిపట్నం కూడా చూచి రావాలని మా మనవి. మేము నాలుగు కుటుంబాలవారము పిల్లలతో, పెద్దలతో కలిసి వెళ్లి వచ్చిన తరువాత ఈ మాట వ్రాస్తున్నాము. బీచి రోడ్డు మీదుగా సిటీ బస్సులు ఉన్నాయి. దూరం సుమారు ముప్పై కిలోమీటర్లు.

దారిలో మొదట ఆగవలసినది తొట్లకొండ. రెండువేల సంవత్సరాల క్రితం బౌద్ధ సన్యాసులు ఈ కొండమీద నివసించారు. రాష్ట్ర పురావస్తు శాఖవారు 1988 నుండి 1993 వరకు ఇక్కడ త్రవ్వి విహారపు గదులను, స్తూపాలను బయటికి తీశారు. వాననీటిని నిలువ చేసుకోవడానికి బండలో తొలిచిన తొట్లను బట్టి కొండకు ఆ పేరు వచ్చింది. చెరువు నిండితేనే పంట చూచే మనవంటి వారికి ఆ తొట్లు చూస్తే వారి కష్టం అర్థమవుతుంది. త్రవ్వకాలలో శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే ఆనాడే ఈ తీరానికి దూరదేశాల వర్తకంతో సంబంధం ఉన్నదన్నమాట. తిరిగి నిలబెట్టిన మహాస్తూపం మాత్రం 2019 వర్షాలకు కూలింది. మట్టిలో ఉన్నంతకాలం మట్టే కాపాడింది. బయటికి తీసిన తరువాత కాపాడడం మనుష్యుల పని.

అక్కడి నుండి ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. వేల సంవత్సరాలుగా గాలి సముద్రపు ఇసుకను తెచ్చి పోగుచేసింది. ఆ ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది. వాననీరు దానిని కోసి లోతైన గెడ్డలుగా చేసింది. దక్షిణాసియాలో ఇటువంటి దిబ్బలు ఇక్కడ, తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. 2025లో మన దేశం వీటిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చింది. చూడడానికి కొండలా ఉన్నా చేతితో గీకితే రాలిపోయే ఇసుక అది. అంచులమీదికి ఎక్కవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. అది వారి క్షేమానికీ మంచిది, దిబ్బల క్షేమానికీ మంచిది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్నది భీమిలి. పదిహేడవ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థిరపడి, మన నేతగాండ్లు నేసిన నూలుబట్టలు కొని ఓడలకెక్కించారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. దేశంలోని పాత మున్సిపాలిటీలలో ఇదొకటి. ఇప్పుడు ఊరు విశాఖ మహానగరంలో కలిసిపోయింది.

డచ్చివారి సమాధుల తోటలో మేము చాలాసేపు ఉన్నాము. కొన్ని సమాధులు గోపురాలవలె మొన తేలి ఎత్తుగా ఉన్నాయి. రాళ్లమీద వారి భాషలో చెక్కిన అక్షరాలను ఉప్పుగాలి తినివేస్తున్నది. మా వెంట వచ్చిన ఒక పిల్లవాడు, "అమ్మమ్మా, వీళ్లు తిరిగి ఇంటికి ఎందుకు వెళ్లలేదు?" అని అడిగాడు. "ఓడ ఎక్కిన వాళ్లందరికీ తిరుగు ప్రయాణం ఉండేది కాదు నాయనా. జ్వరాలొచ్చేవి, మందులుండేవి కావు" అన్నదామె. తరువాత పిల్లలు సమాధులమీద ఎక్కి ఆడుకోలేదు. ఎవరూ వారిని గద్దించవలసిన అవసరం రాలేదు.

సెయింట్ పీటర్స్ దేవాలయం కూడా చూచాము. 1855లో పునాది వేసిన ఈ ఆలయాన్ని 1864లో మద్రాసు బిషప్ ఫ్రెడరిక్ గెల్ ప్రతిష్ఠించారు.

ఇంత పేరున్న రేవు ఎందుకు చిన్న ఊరిగా మిగిలిపోయింది? ఇక్కడ ఓడలు దూరంగా లంగరు వేస్తే పడవలలో సరుకు చేరవేసేవారు. మద్రాసు నుండి కలకత్తాకు వేసిన రైలుమార్గం వాల్తేరు మీదుగా వెళ్లింది, భీమిలికి రాలేదు. 1933లో విశాఖపట్నంలో ఓడలు లోపలికే వచ్చి నిలిచే రేవు తెరచుకున్నది. వర్తకం అటు తరలిపోయింది. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంతో విశాఖ మరింత పెరిగింది. గొప్పతనం ఒక ఊరి నుండి మరొక ఊరికి ఇలా తరలిపోతూనే ఉంటుంది. మిగిలేవి రాళ్లే. వాటిని చదివేవారు లేకపోతే అవీ మిగలవు.

యొర్దాను దాటిన తరువాత యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించినది, రేపు పిల్లలు అడిగినప్పుడు పెద్దలు చెప్పడానికే గదా! అటువంటి రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. చర్చి పునాదిరాయి, సమాధుల దొడ్డిలోని పాత పలకలు, చెరువుగట్టుమీది శాసనం. ఏటేటా వేసే సున్నం క్రిందనో, కొత్తగా పరచే టైల్సు క్రిందనో అవి కనుమరుగవుతున్నాయి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత పిల్లలచేత ఒక నోటుపుస్తకం పట్టించండి. తడిగుడ్డతో రాయి తుడిచి, దానిమీది పేరు, సంవత్సరం ఉన్నదున్నట్టు వ్రాయించండి. ఆ పేరుగలవారెవరో సంఘంలోని వృద్ధులను అడిగించండి. వృద్ధులు ఉండగానే అడగాలి. రాయికంటె ముందు వారు వెళ్లిపోతారు.