కరెంటు పోయినా చెడని చదువు పెట్టె



మీరిచ్చిన సొమ్ముతో రుద్రవరంలో పిల్లల చదువు గదికి అరచేతంత కంప్యూటర్ బోర్డు కొని, పాఠాలు చూపించడానికి పాత టీవీకి కలిపాం. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండుసార్లు అది లేవనే లేదు. బోర్డు బాగానే ఉంది. చెడిపోయింది మెమరీ కార్డులోని ఫైళ్లు. మీ సొమ్ము మా దగ్గర అమానత్. అందుకే ఇంకో బోర్డు అడగకుండా, లోపం ఎక్కడుందో తెలుసుకున్నాం.

ఈ బోర్డు లినక్స్‌తో నడుస్తుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్ నిజానికి కెర్నల్ మాత్రమే. ప్రాసెసర్‌ను, మెమరీని, తగిలించిన పరికరాలను నడపడం దాని పని. లేవగానే అది తన ఇంటిని వెతుక్కుంటుంది. ఆ ఇల్లే రూట్ ఫైల్‌సిస్టమ్. అందులో ఆదేశాలకు ఒక గది, లైబ్రరీలకు ఒకటి, సెట్టింగులకు ఒకటి ఉంటాయి. 'ఇనిట్' అనే మొదటి ప్రోగ్రాం అక్కడ దొరక్కపోతే కెర్నల్ ముందుకు కదలదు.

ఈ ఇంటిని మనమే కట్టుకోవచ్చు. బిల్డ్‌రూట్ అనే ఉచిత సాధనంలో బోర్డు పేరు, కావలసిన ప్రోగ్రాములు ఎంచుకుంటే, ల్యాప్‌టాప్ మీదే అన్నీ తయారై, కార్డులోకి ఎక్కించే ఒకే ఫైలుగా వస్తాయి. 1995లో బ్రూస్ పెరెన్స్ ఒక్క ఫ్లాపీలో పట్టేలా మొదలుపెట్టిన బిజీబాక్స్, ఒకే ప్రోగ్రాంగా ఉండి వందల ఆదేశాల పని చేస్తుంది. దానికి వీడియో ప్రోగ్రాం, తెలుగు, ఉర్దూ ఫాంట్లు చేర్చాం. ఫాంటు లేకపోతే అక్షరాల చోట ఖాళీ గడులే కనిపిస్తాయి. అక్కర లేనివేవీ పెట్టలేదు.

అసలు మందు ఇంకోటి. ఆ ఇంటిని స్క్వాష్‌ఎఫ్ఎస్ రూపంలో ఉంచాం. అది అచ్చయిన పుస్తకం లాంటిది: చదవచ్చు, దిద్దడానికి వీల్లేదు. రాత జరగని చోట, రాత మధ్యలో కరెంటు పోయి చెడిపోవడం అనేది ఉండదు. పిల్లల మార్కులు రాసుకోవడానికి కార్డులో వేరే భాగం ఉంది. కరెంటు పోతే అక్కడి చివరి రాత పోవచ్చు గానీ, పెట్టె మళ్లీ లేస్తుంది.

దీనికి పైసా ఖర్చు కాలేదు, ఓపిక మాత్రం చాలా పట్టింది. మొదటిసారి అన్నీ తయారవడానికే గంటలు పట్టాయి. ఈ ఏడాది మేము కోరేది కొత్త పెట్టెలు కాదు. మీ ఇళ్లలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలుంటే నెలకో ఆదివారం మా దగ్గరికి పంపండి. పెట్టె ఎప్పటికైనా పాతబడుతుంది. నేర్పిన విద్య సదఖా జారియా. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.