కారు కంప్యూటర్ మార్చేముందు డిఫరెన్షియల్ సంగతి అడగండి

ఇంట్లో ఎవరికైనా స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉంటే ఏదో ఒకరోజు ఈ మాట మన చెవిన పడుతుంది: "ఇంజిన్ కంప్యూటర్ మార్పిస్తే కారు దూసుకుపోతుంది. పనిలో పనిగా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కూడా వేయిద్దాం." రెండూ ఖరీదైన పనులే. ఒకదానికొకటి పొసగకపోతే ఖర్చు రెట్టింపు, పైగా ప్రమాదం. అందుకే డబ్బు కట్టేముందు ఇవేమిటో మనకీ తెలిసి ఉండటం మంచిది. డిగ్రీలో చదివిన ఫిజిక్సు ఇక్కడ బాగానే అక్కరకొస్తుంది.

గుడిలో పాప చెయ్యి పట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారనుకోండి. లోపలివైపు పాప తక్కువ దూరం నడుస్తుంది, బయటివైపు మీరు ఎక్కువ నడుస్తారు. మలుపులో కారు చక్రాలూ అంతే. వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె పేరే డిఫరెన్షియల్. మామూలు రకం రెండు చక్రాలకీ సమానంగానే టార్క్, అంటే తిప్పే బలం, పంచుతుంది. ఒక చక్రం మంచు మీద జారితే దానికి అందేది కొంచెమే కనుక రెండోదానికీ అంతే అందుతుంది. కారు కదలదు. ఆ జారుడుకి పగ్గం వేసేదే లిమిటెడ్ స్లిప్.

ఇందులో జిగట సిలికోన్ ద్రవంతో పనిచేసేవి, క్లచ్ ప్లేట్లతో పనిచేసేవి, టోర్సెన్ లాగా గేర్లతోనే పనిచేసేవి ఉన్నాయి. ఇవన్నీ యాంత్రికమైనవే. ఇంజిన్ కంప్యూటర్‌తో వీటికి ఒక్క వైరు కూడా కలవదు.

మరి పేచీ ఎక్కడ? అమెరికాలో చాలామంది ముచ్చటపడే మాజ్దా మియాటానే చూద్దాం. 1990 నుంచి 1993 దాకా వచ్చిన కార్లలో 1.6 లీటర్ల ఇంజిన్, చిన్న డిఫరెన్షియల్ ఉండేవి. 1994లో 1.8 లీటర్ల ఇంజిన్‌తో పాటు పెద్ద డిఫరెన్షియల్ వచ్చింది, కోరుకున్నవాళ్ళకి టోర్సెన్ కూడా. పాత కారుకి టర్బో బిగించి, దాన్ని నడపడానికి బయటి కంప్యూటర్ పెట్టారనుకోండి. టార్క్ పెరుగుతుంది. ఆ భారమంతా వెనక ఉన్న చిన్న గేర్ల మీదే పడుతుంది. అవి విరగడం మియాటా వాళ్ళందరికీ తెలిసిన సంగతే. వైరు లేకపోయినా బంధం ఉందన్నమాట.

సరే, 1.8 కారు డిఫరెన్షియల్ తెచ్చి వేద్దామంటే అదొక్కటే సరిపోదు. దానికి తగ్గ యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా కావాలి. గేర్ నిష్పత్తి కూడా 4.30 నుంచి 4.10కి మారుతుంది. ఈ కారులో స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి నడుస్తుంది కనుక అది తక్కువ చూపిస్తుంది. ముల్లు 60 మైళ్ళ దగ్గరుంటే అసలు వేగం దాదాపు 63. దాన్ని సరిచేయించకపోతే పోలీసు టికెట్టు మన ఇంటికే వస్తుంది.

కొత్త కార్ల కథ వేరు. గోల్ఫ్ జీటీఐ లాంటి వాటిలో డిఫరెన్షియల్‌ని కూడా ఎలక్ట్రానిక్స్ నడిపిస్తాయి. ఇంజిన్, బ్రేకులు, డిఫరెన్షియల్ కంప్యూటర్లు క్యాన్ అనే వైర్ల జత మీద క్షణక్షణం మాట్లాడుకుంటాయి. అసలు ఇంజిన్ కంప్యూటర్ తీసేసి, ఆ సందేశాలు పంపడం రానిది పెడితే డిఫరెన్షియల్ సరిగా పనిచేయదు. కారు అదుపు తప్పకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగిపోవచ్చు. వెనక సీట్లో పిల్లలు కూర్చునే కారైతే ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి మెకానిక్‌ని సూటిగా అడగండి. మా కారు డిఫరెన్షియల్ యాంత్రికమా, ఎలక్ట్రానిక్‌దా? కొత్త కంప్యూటర్ మిగతా కంప్యూటర్లతో మాట్లాడుతుందా? పెరిగే టార్క్‌ని గేర్లు, యాక్సిళ్ళు తట్టుకుంటాయా? క్లచ్ ప్లేట్ల రకమైతే ఏ ఆయిల్ పొయ్యాలి, ఎన్నాళ్ళకి మార్చాలి?

చట్టం సంగతి కూడా మరవద్దు. కాలిఫోర్నియాలో ఇంజిన్ కంప్యూటర్ మారిస్తే, ఆ భాగానికి రాష్ట్ర వాయు సంస్థ ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేకుండా స్మాగ్ పరీక్ష గట్టెక్కడం కష్టం. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు మార్పుల గురించి ఇన్సూరెన్సు కంపెనీకి ముందే చెప్పాలి. దాచిపెడితే క్లెయిము తిరస్కరించవచ్చు. ఏం మార్పించినా పాత కంప్యూటర్ మాత్రం పారేయనివ్వకండి. పేరు, తేదీ రాసి అట్టపెట్టెలో దాచండి. కారు అమ్మే రోజున కొనేవాళ్ళు మొదట అడిగేది అదే.