ఫోన్‌లో చెరిపితే లాప్‌టాప్‌లోనూ పోతుంది

ఫోన్‌లో తీసిన ఫోటో పక్క బల్ల మీదున్న లాప్‌టాప్‌లోకి చేరడానికి సాధారణంగా ఏదో కంపెనీ డేటా సెంటర్ దాకా వెళ్లి రావాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండితే చందా కట్టాలి. 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి.

ఈ మధ్యవర్తిని తప్పించే సాఫ్ట్‌వేర్లలో పేరున్నది సింక్‌థింగ్. యాకోబ్ బోర్గ్ 2013 చివర్లో విడుదల చేసిన ఈ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో ఖాతా, పాస్‌వర్డ్ ఉండవు. ప్రతి పరికరానికీ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు వైపులా ఒకరి సంఖ్యను మరొకరు ఒప్పుకుంటేనే ఫైళ్లు కదులుతాయి. ఫైలును ముక్కలుగా చూస్తుంది కాబట్టి మారిన ముక్కలే ప్రయాణిస్తాయి. రెండూ ఒకే వైఫైలో ఉంటే ఇంటర్నెట్ అక్కర్లేదు. తరచూ నెట్ ఆపేసే మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అయితే సర్వర్ అసలే లేదనడం పూర్తి నిజం కాదు. ఫోన్ ఊళ్లో, కంప్యూటర్ నగరంలో ఉంటే ఒకదాని చిరునామా మరొకదానికి చెప్పే సర్వర్ కావాలి. మన మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను చాలామందికి పంచుతాయి కనుక నేరుగా కలవడం ఒక్కోసారి కుదరదు. అప్పుడు స్వచ్ఛందంగా నడిపే రిలే సర్వర్ల మీదుగా డేటా వెళ్తుంది. అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రిలే నడిపేవారు చదవలేరు. వేగం మాత్రం తగ్గుతుంది. పైగా రెండు పరికరాలూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. చాలామంది దీన్ని బ్యాకప్ అనుకుంటారు. పెళ్లి ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి చేరాయి కదా అని ఫోన్‌లో చోటు కోసం చెరిపేస్తే, ఆ చెరిపివేత కూడా లాప్‌టాప్‌కు చేరుతుంది. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. దాని దృష్టిలో తొలగించడమూ ఒక మార్పే. దీనికి విరుగుడుగా 'ఫైల్ వెర్షనింగ్' ఉంది: తొలగిన, మారిన ఫైళ్ల పాత ప్రతులను విడిగా దాస్తుంది. కానీ మనంతట మనం ఆన్ చేసుకోవాలి, అదీ మార్పును అందుకునే లాప్‌టాప్‌లో. ఫోన్‌లో ఆన్ చేసి నిశ్చింతగా ఉంటే ఈ సందర్భంలో ఉపయోగం ఉండదు. అంత చేసినా, ఎప్పుడూ ప్లగ్ చేసి ఉంచని ఒక హార్డ్ డిస్క్‌లో ఇంకో ప్రతి ఉండాల్సిందే.

ఒకే ఫైలును రెండు చోట్లా దిద్దితే మాత్రం సింక్‌థింగ్ ఒకదాన్ని మింగేయదు. పాతదాని పేరులో 'సింక్ కాన్‌ఫ్లిక్ట్' అని చేర్చి పక్కన పెడుతుంది.

ఆండ్రాయిడ్ వాడేవారు ఇంకొకటి గమనించాలి. గూగుల్ ప్లేలో యాప్ ఉంచడం కష్టమవుతోందన్నది ఒక కారణంగా చెప్పి అధికారిక యాప్‌ను 2024 డిసెంబరులో ఆపేశారు. ఫైళ్లకు మధ్యవర్తి అక్కర్లేకపోయినా యాప్‌కు కావాల్సి వచ్చింది! ఇప్పుడు ఫోన్లలో వాడేది ఇతర డెవలపర్లు కొనసాగిస్తున్న 'సింక్‌థింగ్ ఫోర్క్'. దానికి బ్యాటరీ ఆదా సెట్టింగుల నుంచి మినహాయింపు ఇవ్వకపోతే, ఫోనే దాన్ని మధ్యలో ఆపేస్తుంది.