నిన్న మనం ‘మద్రాసీ’లం... నేడు వారు ‘బీహారోళ్లు’

సుల్తానాబాద్ (మా విలేఖరి): తెల్లవారక ముందే రైసుమిల్లు ముందు లారీ ఆగుతుంది. బస్తాలు మోసేది మన ఊరివారు కాదు, బీహార్ నుంచి వచ్చిన హమాలీలు. వానాకాలం వస్తే నాట్లకు కూడా ఉత్తరాది కూలీలు ముఠాలుగా దిగుతున్నారు. వారు లేనిదే పని సాగదు. అయినా ఊళ్లో ఏ వస్తువు పోయినా అందరి చూపూ ముందుగా వారి గదుల వైపే.

ఈ ప్రాంతంలోని ఒక గ్రామంలో ఇటీవల ఒక రైతు సెల్‌ఫోను కనిపించలేదు. యువకులు కొందరు వెళ్లి బీహార్ కూలీల మూటలన్నీ విప్పించారు. సాయంత్రానికి ఆ ఫోను రైతు ట్రాక్టరు సీటు కిందనే దొరికింది. మూటలు సర్దుకున్న కూలీలకు ‘తప్పయింది’ అన్నవారు లేరు.

భీవండి చూసిన తాత

ఒక్క తాత మాత్రం ఊరుకోలేదు. ఆయన ఇరవై ఏళ్లు భీవండిలో మగ్గాలు నడిపిన పద్మశాలి. “అక్కడ మమ్మల్ని ‘ఏ మద్రాసీ’ అని పిలిచేటోళ్లు. మాది మద్రాసు కాదు భాయ్ అంటే ఇనకపోయేది. ఇడ్లీ సాంబారోళ్లని నవ్వేటోళ్లు. మాకేమో ఇంటికాడ గట్కనే దిక్కు. గిప్పుడు మీరు గా పనే చేస్తున్నరు గదరా!” అని మందలించారు.

ఆయన మాట నిజం. కరీంనగర్ ప్రాంతం ఏనాడూ మద్రాసు రాష్ట్రంలో లేదు, నిజాం ఏలుబడిలో ఉండేది. ఆ మద్రాసు రాష్ట్రం పేరు కూడా 1969లోనే తమిళనాడుగా మారింది. అయినా వింధ్య దాటితే దక్షిణాది వారంతా మద్రాసీలే అయ్యారు.

మనమూ అదే పొరపాటు చేస్తున్నాం. జార్ఖండ్ వారైనా, బెంగాల్ వారైనా, యూపీ వారైనా మనకు బీహారోళ్లే. అందరిదీ హిందీయే అనుకుంటాం. బీహార్‌లోనే మైథిలి, భోజ్‌పురి, మగహి భాషలున్నాయి. మైథిలిని 2003లో రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో చేర్చారు.

బొంబాయి చెప్పే పాఠం

1966లో పుట్టిన శివసేన బొంబాయిలో మొదట దక్షిణాది వారిపైనే ఆందోళన సాగించింది. అదే నగరంలో 2008లో మరో పార్టీ వారు బీహార్, యూపీ కూలీలను కొట్టారు. తమిళనాడులో బీహారీలను చంపుతున్నారని 2023 మార్చిలో పుకార్లు లేచాయి. అవి అబద్ధమని పోలీసులు తేల్చేలోగా భయపడి ఎందరో రైలెక్కారు.

2020 లాక్‌డౌన్‌లో దేశంలోని తొలి శ్రామిక రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగడియా నుంచి రైసుమిల్లు హమాలీలు రెండు వందల మందికి పైగా రైలులో ఇక్కడికి వచ్చారు. వడ్లు కుప్పలు పడి ఉన్న వేళ పువ్వులిచ్చి వారికి స్వాగతం పలికారు. ఆ పువ్వులు వాడకముందే మనకు అనుమానాలు మొదలయ్యాయి.

కాగా, నాట్లు వేసే మన అక్కచెల్లెళ్ల గోడు కూడా కాదనలేనిది. “వాళ్లు ఎకరానికి గుత్త పట్టి తక్కువకు చేస్తే మాకు కైకిలెవరిస్తరు?” అని వారడుగుతున్నారు. అయితే తగాదా ధరతోనే గాని మనిషితో కాదు. వలస కూలీకి స్థానికుల కంటే తక్కువ కూలి ఇవ్వరాదని 1979లోనే పార్లమెంటు చట్టం చేసింది. పనికి ఒకే ధర ఉంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

ఆ సాయంత్రం తాత హమాలీల గదికి వెళ్లి భీవండిలో నేర్చిన హిందీలో క్షేమం అడిగారు. వారు చాయ్ పోసి ఇచ్చారు. మూటలు విప్పించిన యువకుల్లో ఒకడు మరునాడు వెళ్లాడు. మిగతావారు ఇంకా వెళ్లవలసి ఉంది.