ఎవరూ పెట్టని కట్టుబాట్లు

మనిషి తనకు తానుగా పెట్టుకునే కట్టుబాట్లకు శాస్త్రాధారం గాని పెద్దల ఆజ్ఞ గాని ఉండదు; అయినా వాటిని దాటడం ఇతరులు పెట్టిన నియమాలను దాటడం కన్నా కష్టంగా తోస్తుంది. మొదలుపెట్టిన పుస్తకం నచ్చకపోయినా చివరి పుటదాకా చదివి తీరాలనుకోవడం, సెలవునాడు కూడా తెల్లవారుజామునే లేవకపోతే రోజంతా పాడైనట్టు భావించడం, చుట్టాలు వస్తేనే మంచి కప్పులు బయటికి తీయాలనుకోవడం, ఇల్లంతా సర్దనిదే కుర్చీలో కూర్చోకూడదనుకోవడం ఇటువంటివే. వీటిని తప్పినందుకు శిక్ష వేసేవారు ఎవరూ లేకపోయినా, తప్పిన మనిషి లోలోపల నేరం చేసినట్టు నలిగిపోతాడు.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవిశ్లేషకురాలు కరెన్ హార్నీ, 1950లో వెలువడిన ‘న్యూరోసిస్ అండ్ హ్యూమన్ గ్రోత్’ అనే గ్రంథంలో ఈ స్థితిని ‘తప్పనిసరుల నిరంకుశత్వం’గా వర్ణించారు. అంటే, తాను నిజంగా ఎలా ఉన్నాడన్న దానితో పని లేకుండా, ఎలా ఉండి తీరాలో చెప్పే ఒక ఊహాచిత్రాన్ని మనిషి తనమీద తానే రుద్దుకుని, దానికి సరితూగని ప్రతిసారీ తనను తాను నిందించుకోవడం. ఈ నియమాలు తర్కించి ఏర్పరచుకున్నవి కావు గనుక తర్కంతో చెబితే సడలవు. తప్పితే ఏదో కీడు జరుగుతుందన్న, పేరు పెట్టలేని బెదురు వాటి అడుగున ఉంటుంది. కీడు జరగకపోవడాన్ని పదేపదే కళ్లారా చూస్తే తప్ప ఆ బెదురు తగ్గదు.

దాంపత్యంలో అలా చూసే అవకాశం రోజూ దొరుకుతుంది. పట్టింపులు అంతగా లేని భర్త గాని భార్య గాని సగం చదివిన నవలను పక్కన పెట్టేసి, ఆదివారం ఎండెక్కేదాకా పడుకుని, రాత్రికి వంట జోలికి పోకుండా పెరుగులో అటుకులు కలుపుకుని తృప్తిగా తిని లేస్తే, రెండోవారు ఆ పనితో పాటు దాని పర్యవసానాన్నీ చూస్తారు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని పరిశీలన ద్వారా నేర్చుకోవడం అంటారు. ఆల్బర్ట్ బండూరా తన సహచరులతో కలిసి 1967లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కుక్కలంటే భయపడే చిన్నపిల్లలకు, తమ ఈడు పిల్లవాడొకడు జంకు లేకుండా కుక్కకు క్రమంగా దగ్గరై ఆడుకోవడాన్ని చూపించారు. కుక్కను ఊరికే చూసిన పిల్లల కన్నా ఈ పిల్లల్లో భయం ఎక్కువగా తగ్గింది; నెల తర్వాత పరీక్షించినా ఆ మార్పు నిలిచే ఉంది. పెద్దలకూ పట్టింపులకూ ఈ సూత్రం వర్తిస్తుందనుకోవడం అసంగతం కాదు.

పట్టుచీర సంగతి చూస్తే ఇటువంటి కట్టుబాట్ల స్వభావం మరింత తేటపడుతుంది. పెళ్లిళ్లకూ పండుగలకూ తప్ప కట్టకూడదనే నియమంతో బీరువా అడుగున దాచిన చీర ఏళ్లతరబడి ఒకే మడతమీద ఉంటే, మడత పడినచోట పట్టుపోగులూ జరీ బలహీనపడి, ఎప్పుడో విప్పిన రోజున గీత గీసినట్టు పిగిలిపోతుంది. అందుకే అప్పుడప్పుడు తీసి, నీడపట్టున గాలికి ఆరవేసి, మడత మార్చి పెట్టాలని తెలిసినవారు చెబుతారు. పాడవకూడదనే దాచిన చీరను ఆ దాపరికమే పాడుచేస్తుందన్నమాట. ఏ సందర్భమూ లేకుండానే ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని కూరగాయలకు బయలుదేరే భర్తను చూస్తూ చూస్తూ ఉన్న భార్యకు, ఆ చీరను ఒక మామూలు సోమవారంనాడు కట్టుకోవడం క్రమంగా సాధ్యమైన పనిగానే కనిపిస్తుంది.

అయితే ఈ మార్పు రావడానికి ఒక షరతు ఉంది. దంపతులు ఒకరినొకరు మలచుకునే తీరును పరిశోధించిన స్టీఫెన్ డ్రిగోటస్, కారిల్ రస్బల్ట్ ప్రభృతులు 1999లో దానిని ‘మైకెలాంజిలో ప్రభావం’ అని వివరించారు. రాతిలో దాగిన రూపాన్ని శిల్పి వెలికితీసినట్టు, మనిషి తాను కావాలనుకునే రూపానికి చేరువ కావడంలో భాగస్వామి తోడ్పడగలరని దీని భావం. ఇక్కడ ఆ రూపాన్ని కోరుకోవలసినది మారే మనిషే తప్ప మార్చే మనిషి కాదు. ‘నీకన్నీ పట్టింపులే’ అని ఎత్తిపొడిచే భర్త, తన నిశ్చింతను మరో నియమంగా మార్చి భార్య నెత్తిన పెడుతున్నాడు.

తెలుగు కుటుంబాల్లో దీనికన్నా ముఖ్యంగా విచారించవలసినది ఇంకొకటి ఉంది. స్త్రీ తనకు తానే పెట్టుకున్నట్టు కనిపించే నియమాల్లో అనేకం నిజానికి పుట్టింటి నుంచీ అత్తింటి నుంచీ సంక్రమించినవి. సర్దని ఇంటిని చూసి వచ్చినవారు మాట అనేది ఇల్లాలినే గాని ఇంటాయనను కాదు. ఆ స్థితిలో భర్త నిశ్చింతగా ఉండగలగడానికి అతని స్వభావం ఎంత కారణమో, వెనుక ఆమె చేస్తున్న చాకిరీ కూడా అంతే కారణం కావచ్చు. రాత్రి అంట్లు తెల్లవారేదాకా సింకులోనే ఉండనివ్వమని అతను చెప్పినప్పుడు ఆమె నిజంగా కుదుటపడి నిద్రపోవాలంటే, పనిమనిషి రాని మర్నాడు ఆ గిన్నెల ముందు అతనే నిలబడాలి.