ధనియాల్లో గోధుమ గింజ… పస్కాకు పనికిరాదు!

జహీరాబాద్ ప్రాంతంలో యాసంగికి నల్లరేగడి చేలల్లో శనగ, కుసుమ, గోధుమలతో పాటు ధనియాలూ వేస్తాం. అన్నీ ఒకే కల్లంలో కొడతాం. ధనియాల్లో నాలుగు గోధుమ గింజలు కలిస్తే 'అదీ తిండి గింజే కదా' అని వదిలేస్తాం. కానీ ఆ నాలుగు గింజలున్నాయని సరుకు పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పస్కా పండుగ చేసుకునే యూదులు.

ఎందుకీ పట్టింపు?

పస్కా ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ఇశ్రాయేలులో 7 రోజులు, బయటి దేశాల్లో చాలామంది 8 రోజులు చేస్తారు. ఐగుప్తు బానిసత్వం నుంచి పెద్దలు బయటపడిన రోజులకు గుర్తుగా పులియని రొట్టె, చేదు కూరలు తింటారు. గోధుమ, బార్లీ, ఓట్స్ వంటి 5 రకాల ధాన్యాలతో పులిసిన పదార్థం ఇంట్లోనే ఉండరాదు. నియమం ప్రకారం తినదగినదాన్ని 'కోషర్' అంటారు. ఇది ఎక్కడో దూరదేశం ముచ్చటే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి. 1991లో వారు ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు.

ఏవి పనికొస్తాయి?

పచ్చి అల్లం, పసుపు కొమ్ములు, మిరియాలతో ఇబ్బంది లేదు. పొడులతోనే చిక్కు. గోధుమలు పట్టిన గిర్నీలో పసుపు ఆడిస్తే పిండి కలుస్తుంది. బజారు ఇంగువలో మైదా కలిపేది ఎక్కువ, అది అసలే పనికిరాదు. ధనియాలు, జీలకర్ర, మెంతులను కొందరు గింజ గింజా ఏరి వాడతారు. ఐరోపా సంప్రదాయం వాళ్లలో కొందరు వీటినీ, ఆవాలనూ ఆ రోజుల్లో ముట్టరు.

మీరు చేయాల్సింది

* ధనియాలను గోధుమల కంటే ముందే, ఊడ్చి అలికిన కల్లంలో కొట్టండి. వీలైతే టార్పాలిన్ పరవండి.
* తూర్పార పట్టాక జల్లెడ పట్టి, చాటలో చెరిగి, చేత్తో ఏరండి.
* గోధుమలు పోసిన పాత సంచులు వాడొద్దు.
* పసుపును కొమ్ములుగానే అమ్మండి.

ఒక్క మాట. కోషర్ ధ్రువపత్రం యూదు మత పెద్దలు పరిశీలించి ఇస్తారు. మామూలుగా అది సరుకు ఆడించి, ప్యాక్ చేసే మిల్లుకే దక్కుతుంది, రైతుకు కాదు. కొనేవాడు ముందుగా ధర చెప్పనిదే దీన్ని నమ్ముకుని ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. అయితే చెత్త, వేరే గింజ లేని ధనియాలకు ఏ అంగట్లోనైనా బేరం బలంగానే ఉంటుంది. ఏరిన కష్టం ఊరికే పోదు.